పంప్ మారేటప్పుడు ల్యూబ్ ఆయిల్ ప్రెషర్ మోడల్‌లో నిలబడుతోంది, సైట్‌లో ట్రిప్ అవుతోంది. ఎందుకు?

మీరు కంప్రెసర్ ల్యూబ్ ఆయిల్ (బేరింగులకు వెళ్లే నూనె) సిస్టమ్‌కి కంప్యూటర్ మోడల్ చేశారు. అందులో మెయిన్ పంప్ ఆపితే హెడర్ (బేరింగులకు ఆయిల్ పంచే ప్రధాన పైపు) ప్రెషర్ కాస్త తగ్గి, స్టాండ్‌బై పంప్ అందుకోగానే నిలబడుతోంది, సైట్‌లో అదే టెస్ట్‌కి మెషిన్ ట్రిప్ అవుతోంది, అంటే రక్షణ కోసం తనంతట తానే ఆగిపోతోంది. అంతే కదండీ? నాకూ అచ్చం ఇలాగే జరిగింది. ముందు అక్యుమ్యులేటర్ (పంప్ మారే ఆ కాసేపు ఆయిల్ అందించే, లోపల గ్యాస్ ఉన్న పాత్ర) సమీకరణం చూడండి.

మా లెక్క చెబుతాను. హెడర్ 2.5 బార్, స్టాండ్‌బై స్టార్ట్ 1.8, ట్రిప్ 1.2. బేరింగులకు సెకనుకు 5 లీటర్ల ఆయిల్. 60 లీటర్ల బ్లాడర్ అక్యుమ్యులేటర్ (లోపలి రబ్బరు సంచిలో గ్యాస్, దాని బయట ఆయిల్), నైట్రోజన్ ప్రీచార్జ్, అంటే ఆయిల్ లేనప్పుడు సంచిలో ముందే నింపిన గ్యాస్ ప్రెషర్, 1.1 బార్. ఇవన్నీ గేజ్ ప్రెషర్లు (బయటి గాలి ప్రెషర్ కలపనివి), లెక్కలో ఒక్కోదానికి 1 బార్ కలపడం మర్చిపోకండి. హెడర్ మామూలుగా ఉన్నప్పుడు బ్లాడర్‌లో గ్యాస్ 36 లీటర్లు. ప్రెషర్, వాల్యూమ్‌ల లబ్ధం మారదని నేను మోడల్‌లో రాశాను. దాని ప్రకారం ప్రెషర్ 1.8 నుంచి 1.2కి పడేలోపు 12 లీటర్ల ఆయిల్ వస్తుంది, అంటే దాదాపు రెండున్నర సెకన్లు. సిగ్నల్ వెళ్లాక పంప్ వేగం అందుకుని, నాన్‌రిటర్న్ వాల్వ్ (ఆయిల్‌ని వెనక్కి పోనివ్వనిది) తెరుచుకుని, ఆయిల్ హెడర్‌కి చేరడానికి 2 సెకన్లు. సరిపోతుందనుకున్నాం.

కానీ అంత వేగంగా వ్యాకోచించే గ్యాస్‌కి బయటి నుంచి వేడి అందే టైమ్ ఉండదు, చల్లబడిపోతుంది. అప్పుడు వాల్యూమ్ మీద ఘాతం 1 కాదు, 1.4కి దగ్గర. మళ్లీ లెక్క వేస్తే వచ్చేది 8 లీటర్లే, 1.6 సెకన్లు. స్టాండ్‌బై ఆయిల్ అందేలోపే ట్రిప్.

రెండోది స్పిల్‌బ్యాక్ ప్రెషర్ కంట్రోల్ వాల్వ్, అంటే ఎక్కువైన ఆయిల్‌ని తిరిగి ట్యాంకులోకి వదిలేది. ప్రెషర్ పడగానే అది మూసుకోవాలి. మోడల్‌లో నాది తక్షణమే మూసుకునేది. సైట్‌లో వాల్వ్ హంటింగ్ (కుదురు లేకుండా తెరుచుకుంటూ మూసుకుంటూ ఊగడం) ఆపడానికి ఎవరో ఇంపల్స్ లైన్ (వాల్వ్‌కి హెడర్ ప్రెషర్‌ని తెలిపే సన్నని పైపు) మీది నీడిల్ వాల్వ్‌ని దాదాపు మూసేశారు, పావు తిప్పు మాత్రమే తెరిచి ఉంది. దాంతో మెయిన్ పంప్ ఆగాక కూడా స్పిల్‌బ్యాక్ తెరిచే ఉండి, హెడర్ ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేస్తోంది. ఆ ఆలస్యాన్ని కొలిచి మోడల్‌లో పెట్టాకే గ్రాఫ్ సైట్‌కి దగ్గరగా వచ్చింది.

డీసీఎస్ (ప్లాంట్ కంట్రోల్ కంప్యూటర్) ట్రెండ్ గ్రాఫ్‌ని మాత్రం నమ్మకండి. మాది సెకనుకు ఒక్క రీడింగే దాచేది, అందులో డిప్ పూర్తి లోతు కనిపించలేదు. ప్రెషర్ కొలిచే ట్రాన్స్‌మిటర్‌ని అనుమానిస్తూ రెండు రోజులు పోగొట్టుకున్నాం. ఫాస్ట్ రికార్డర్ తగిలించాకే అసలు ఆకారం తెలిసింది.

చివరికి మేం చేసింది ఇది. మెయిన్ పంప్ మోటార్ బ్రేకర్ తెరుచుకున్న క్షణమే స్టాండ్‌బైకి స్టార్ట్ వెళ్లేలా కాంటాక్ట్ తీసుకున్నాం. అలా అయితే 2.5 నుంచే లెక్క మొదలవుతుంది, చేతిలో 14 లీటర్లుంటాయి. ప్రెషర్ మీద స్టార్ట్‌ని కూడా అలాగే ఉంచాం, ఎందుకంటే మోటార్‌ని పంప్‌కి కలిపే కప్లింగ్ తెగితే మోటార్ తిరుగుతూనే ఉంటుంది, బ్రేకర్ ఏమీ చెప్పదు. నీడిల్ వాల్వ్‌ని హంటింగ్ రానంత వరకు తెరిచి, ఆ స్థానంలో గుర్తు పెట్టాం.

ప్రీచార్జ్ చూసేటప్పుడు అక్యుమ్యులేటర్‌ని ఐసొలేట్ చేసి (వాల్వ్ మూసి హెడర్ నుంచి వేరు చేసి), ఆయిల్ వైపు ప్రెషర్ పూర్తిగా వదిలాకే కొలవండి. లేకపోతే గేజ్ మీకు హెడర్ ప్రెషర్‌నే చూపిస్తుంది. కూలర్, టెంపరేచర్ లూప్ వివరాలు ఈ సమస్యకి ఇప్పుడే అక్కర్లేదు, ఈ రెండు సెకన్లలో అవి కదలవు.