కరెంటు పెట్టడం అయిపోయింది, ఇక మూడు నెలలు ఊరికే ఉండాలా?

బాబూ, మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పోయిన వారంతో ముగిశాయనీ, డాక్టరు "మూడు నెలలకు రండి" అని పంపేశారనీ, పుత్తూరులో బంధువులు పెట్ స్కాన్ (ఒళ్లంతా క్యాన్సర్ జాడ వెతికే స్కాన్) తీయించమంటున్నారనీ రాశారు. ఈలోగా ఏం చేయాలని అడిగారు. నేను పలమనేరు పక్క పల్లె మనిషిని, రిటైరైన టీచర్ని. నాకూ ఇదే జబ్బు, ఎడమ వైపు. కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, ముగిసి ఆరో ఏడు నడుస్తోంది. నేను పడిన ఇబ్బందులు మీ అమ్మగారు పడకూడదని రాస్తున్నాను.

చివరి రోజు మిషన్ మీంచి దిగాక అక్కడి అమ్మాయి "అయిపోయిందమ్మా, ఇంక రానక్కర్లేదు" అంది. సంతోషపడాల్సిన మాటే, కానీ నాకు కాళ్లు వణికాయి. అన్ని నెలలూ ఎవరో ఒకరు రక్తం తీసి, చూసి, అడిగి పంపేవాళ్లు. బస్సెక్కాక నన్ను చూసే దిక్కు లేదనిపించింది. మీ అమ్మగారికీ అట్ల అనిపిస్తుంటే "తగ్గింది కదా, ఇంకేం దిగులు" అని మాత్రం అనకండి. పక్కన కూర్చుని వినండి.

అన్నిటికన్నా ముందు కాగితాలు. నాకు చికిత్స చేసిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో "కీమో 8 సైకిళ్లు ఇచ్చాం" అని ఒక్క ముక్క ఉంది. ఏ మందో లేదు, ఎంతో లేదు. తర్వాత నేను చూపించుకోవడం తిరుపతికి మార్చుకున్నాను. అక్కడ డాక్టరమ్మ మొదట అడిగింది అదే: "ఎర్ర మందు మొత్తం ఎంత ఎక్కించారు?" డాక్సోరూబిసిన్‌ను మనవాళ్లు ఎర్ర మందంటారు కదా, అది మోతాదును బట్టి గుండె మీద పనిచేస్తుంది. ఎన్నేళ్ల తర్వాతైనా ఆయాసం వస్తే డాక్టరుకు ఆ లెక్క కావాలి. దానికోసం పాత ఆసుపత్రి రికార్డు రూమ్ ముందు రెండు రోజులు పడిగాపులు పడ్డాను. మీరిప్పుడే వెళ్లి అడగండి. ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు (గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా, మరే రకమా చెప్పే పరీక్షలు), ప్రతి కీమో మందు పేరు, మొత్తం మోతాదు, రేడియేషన్ ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత) ఎన్ని సిట్టింగుల్లో పెట్టారో (నాకు 40 గ్రేలు, 15 సిట్టింగులు), బయాప్సీ బ్లాకులు (పరీక్షకు తీసి మైనంలో దాచిన గడ్డ ముక్కలు) ఎక్కడ దాచారో, అన్నీ రాతలో తెచ్చుకోండి. అన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, అసలైనవి ఒకే ఫైల్లో పెట్టండి. అదే రోజు ఇంకొకటి రాయించుకోండి: మధ్యలో ఏదైనా వస్తే ఎవరికి, ఏ నంబరుకు ఫోన్ చేయాలో.

ఇక చెయ్యి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చంకలో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) ఆపరేషన్‌లో తీసేశాక ఆ చేతిలో నీరు వెనక్కి పోయే దారి తగ్గిపోతుంది. నాకు రెండో నెలలో గాజులు బిగుసుకోవడం మొదలైంది. ఊళ్లో డాక్టరు వాతమని నొప్పి మాత్రలిచ్చాడు. నాలుగు నెలలు అట్లే మింగాను. ఆఖరికి తిరుపతిలో ఫిజియోథెరపీ అమ్మాయి చూసి, ఇది లింఫెడీమా, మొదట్లోనే వచ్చి ఉంటే సులువుగా అదుపులో ఉండేదని చెప్పింది. ఇప్పటికీ రోజూ వ్యాయామం చేస్తాను, బిగుతు స్లీవ్ వేసుకుంటాను. మీరు దర్జీ టేపుతో నెలకోసారి రెండు చేతులూ ఒకే చోట్ల కొలిచి రాసిపెట్టండి. తేడా కనిపించినా, చెయ్యి బరువనిపించినా వెంటనే చూపించండి. ఆ చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకండి.

మాత్రల గురించి ఒక తప్పు ఒప్పుకోవాలి. జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే హార్మోన్ మాత్ర లెట్రోజోల్ మొదలుపెట్టాక మోకాళ్లు, వేళ్ల కణుపులు పట్టేసేవి. ఎవరికీ చెప్పకుండా రెండు నెలలు మానేశాను. డాక్టరమ్మ కోప్పడలేదు, బాధపడింది. "చెప్పుంటే వేరే మాత్ర మార్చేదాన్ని కదమ్మా" అంది. ఈఆర్ పాజిటివ్ (హార్మోన్‌తో పెరిగే రకం) అయితే ఈ మాత్రలు కనీసం 5 ఏళ్లు వాడాలి, కొందరికి ఇంకా పొడిగిస్తారు. చికిత్స అయిపోయిందనుకుంటాం కానీ ఆ మాత్ర కూడా చికిత్సే. లెట్రోజోల్ ఎముకల్ని పలచన చేస్తుంది కాబట్టి డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసేది), కాల్షియం, విటమిన్ డి గురించి అడగండి. దాని బదులు టామాక్సిఫెన్ అనే మాత్ర ఇచ్చి ఉంటే, ముట్లు ఆగాక రక్తం కనపడితే తప్పక చెప్పాలి. ఖర్చు భారమైతే జన ఔషధి కేంద్రంలో కనుక్కోండి.

బంధువులు చెప్పే పెట్ స్కాన్ నేనూ తీయించబోయాను, డాక్టరమ్మే ఆపింది. 1994లో ఇటలీలో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయట. ఏ బాధా లేకున్నా తరచూ ఎముకల స్కాన్లు, ఛాతీ ఎక్స్‌రేలు తీయించుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ కాలమేమీ బతకలేదు. ఆ డబ్బు దాచుకోండి. మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి డాక్టరు చేత్తో చూడాలి. ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), రెండో రొమ్ముకు కూడా. ఇవి తప్పనివ్వకండి. ఎముకల్లో కొత్త నొప్పి రెండు మూడు వారాలకూ తగ్గకపోయినా, వదలని దగ్గు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, వాంతులతో తలనొప్పి, మచ్చ మీదో చంకలోనో గడ్డ, వీటిలో ఏది వచ్చినా మూడు నెలలు ఆగొద్దు. అప్పుడు స్కాన్ అవసరమే.

పూర్వం మన చిత్తూరు వైపు నుంచి ఇట్లాంటి చూపులకు రాయవెల్లూరో మద్రాసో పోవాల్సి వచ్చేది. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, 2018లో రతన్ టాటా శంకుస్థాపన చేసిన క్యాన్సర్ ఆసుపత్రి అలిపిరి దారిలో నడుస్తోంది. పుత్తూరు నుంచి పొద్దున వెళ్లి మాపటికి రావచ్చు.

తిరుమల కొండకు నడిచి వెళ్లే మొక్కు ఉందని కూడా రాశారు. నేనూ మెట్లెక్కాను, కానీ తొందరపడ్డాను. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల నా అరికాళ్లు మొద్దుబారి ఉన్నాయి. ఎండకు కాలిన రాళ్ల మీద నడిచి బొబ్బలెక్కినా పైకి చేరేదాకా తెలియలేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు. అమ్మగారికి కాళ్లల్లో తిమ్మిర్లు ఉంటే ఇప్పటికి బస్సులో తీసుకెళ్లండి. ఈలోపు ఇంటి చుట్టూ మెత్తటి చెప్పులతో రోజూ అరగంట నడిపించండి. ఈఆర్ రిపోర్టు చేతికొచ్చాక ఏ మాత్ర ఇచ్చారో ఇక్కడ రాయండి, డాక్టర్ని ఏమేం అడగాలో నాకు తెలిసినంత చెప్తాను.