ఒక్క ల్యాప్‌టాప్‌లో వంద మెషీన్లు

ప్రశ్న: ఎం.టెక్ రెండో ఏడాది చదువుతున్నాను. వంద మెషీన్లకు పనులు పంచే పద్ధతుల్లో ఏది మెరుగో తేల్చడం నా ప్రాజెక్టు. నా దగ్గర ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్. సిమ్యులేట్ చెయ్యమని, అంటే అసలు మెషీన్ల బదులు వాటి తీరును ప్రోగ్రాంలో లెక్కగట్టి చూడమని మా గైడ్ అన్నారు. దానికి సిమ్‌గ్రిడ్, క్లౌడ్‌సిమ్, ఎన్‌ఎస్-3 అని తలా ఒక టూల్ చెబుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఒక్కో మెషీన్‌కు ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే భాగం) పెట్టి, పనికి పట్టేంత సేపు దాన్ని స్లీప్‌తో ఆపుతూ నేనే రాసుకుంటే సరిపోదా సార్?

జవాబు: సరిపోదు. స్లీప్‌తో రాస్తే గంట పట్టే ప్రయోగానికి మీరూ గంట కాచుకు కూర్చోవాలి. పైగా ఆ వంద థ్రెడ్లూ మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న కొద్దిపాటి కోర్ల కోసం కొట్టుకుంటాయి, ఇవాళ వచ్చిన అంకె రేపు రాదు. సిమ్యులేటర్‌లో తిరిగేది అసలు గడియారం కాదు. తర్వాత జరగబోయేది ఏమిటో, ఎప్పుడో లెక్కగట్టి కాలాన్ని నేరుగా అక్కడికి జరిపేస్తుంది. ఏమీ జరగని సమయానికి ఖర్చే లేదు. అదే ఇన్‌పుట్ ఇస్తే అదే జవాబు వస్తుంది.

ఏ టూల్ అన్నదాని మీద వారాలు పోగొట్టుకోకండి. ఎన్‌ఎస్-3 నెట్‌వర్క్‌లో పోయే ప్రతి ప్యాకెట్‌నూ (డేటా ముక్కనూ) విడిగా లెక్కిస్తుంది, నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ మీద పనిచేసేవాళ్లకు అది. క్లౌడ్‌సిమ్ మెల్‌బోర్న్ యూనివర్సిటీలో పుట్టిన జావా టూల్, డేటా సెంటర్లో వర్చువల్ మెషీన్లను ఎలా సర్దాలన్న ప్రశ్నకు బాగుంటుంది. మీ పనికి సిమ్‌గ్రిడ్ తీసుకోండి. సి++ తో పాటు పైథాన్‌లోనూ రాయొచ్చు. మెషీన్లు, లింకులు, దారులు ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటాయి, దాన్ని ప్లాట్‌ఫాం ఫైలు అంటారు. మీరు రాసే ప్రోగ్రాంలో యాక్టర్లు, అంటే ఆ మెషీన్ల మీద నడిచే చిన్న ప్రోగ్రాంలు ఉంటాయి, అవి మెయిల్‌బాక్సుల ద్వారా కబుర్లు పంపుకుంటాయి. మొదటి రోజుకు ఇంతకు మించి తెలియక్కర్లేదు.

ఇక అసలు సంగతి. చాలామంది మొదటి రోజే వంద మెషీన్లు పెట్టేసి, గ్రాఫు గీసి తెచ్చి చూపిస్తారు. ఈ గీత ఇక్కడ ఎందుకు వంగింది అని అడిగితే జవాబుండదు. మీరు మాత్రం కాగితం మీద లెక్క కట్టగలిగినంత చిన్నదానితో మొదలుపెట్టండి. రెండు మెషీన్లు చాలు. ఒకటి సెకనుకు 1 గిగాఫ్లాప్ (వంద కోట్ల లెక్కలు), రెండోది 2. ఒక్కోటి 5 గిగాఫ్లాప్‌ల చొప్పున ఆరు పనులు. పంపడానికి పట్టే సమయం ప్రస్తుతానికి వదిలేద్దాం. వంతులవారీగా మూడేసి పంచితే వేగమైన మెషీన్ 7.5 సెకన్లకే ఖాళీ అవుతుంది, నెమ్మదైనది 15 దాకా లాగుతుంది. ఖాళీ అయినవాడికి ఇస్తూ పోతే వేగమైనది నాలుగు, నెమ్మదైనది రెండు చేసి, రెండూ సరిగ్గా 10వ సెకనుకు ముగిస్తాయి. ఈ 15, ఈ 10 మీ సిమ్యులేషన్‌లో కూడా వచ్చేదాకా మూడో మెషీన్ జోలికి పోవద్దు.

ఆ తర్వాత నెట్‌వర్క్ కలపండి. సెకనుకు 125 మెగాబైట్ల లింకు, 1 మిల్లీసెకను లేటెన్సీ (కబురు అవతలికి చేరడానికి పట్టే ఆలస్యం), 250 మెగాబైట్ల డేటా. కాగితం మీద 2.001 సెకన్లు. సిమ్‌గ్రిడ్ మాత్రం 2.07 పైన చూపిస్తుంది. బగ్ అనుకుని కంగారుపడకండి. దాని డిఫాల్ట్ మోడల్, ఎల్‌వి08, టీసీపీ (నెట్‌వర్క్‌లో డేటా పంపే పద్ధతి) తీరును లెక్కలోకి తెచ్చుకోవడానికి బ్యాండ్‌విడ్త్‌లో (లింకు వేగంలో) 97 శాతమే ఇస్తుంది, లేటెన్సీని 13.01 రెట్లు చేస్తుంది. గుణించి చూసుకోండి, 2.07 దాటుతుంది. రానూపోనూ ఒకే లింకు పెట్టి ఉంటే డేటా అందిందని తిరిగొచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ల బరువూ పడి ఇంకాస్త పెరుగుతుంది. మోడల్‌ను సీఎం02 అనే ఇంకోదానికి మార్చి నడిపితే ఆ రెండు సవరణలూ పోతాయి. తేడా ఎక్కడినుంచి వచ్చిందో మీ కళ్లతో చూస్తారు. డాక్యుమెంటేషన్ ఎంత చదివినా ఇంత గట్టిగా బుర్రకెక్కదు.

ఒక ఎర్రర్ మీకు తప్పకుండా ఎదురవుతుంది: డెడ్‌లాక్ డిటెక్టెడ్. అంటే రాని కబురు కోసం యాక్టర్లు ఎదురుచూస్తూ ఆగిపోయాయని. సాధారణంగా జరిగేది ఏమిటంటే, పనులు పంచే యాక్టర్ (మాస్టర్) అన్నీ పంచేసి ఇంటికి పోయింది, పనిచేసే యాక్టర్లు (వర్కర్లు) ఇంకా మెయిల్‌బాక్స్ దగ్గరే నిలబడి ఉన్నాయి. ‘ఇక చాలు, ఆగండి’ అని చెప్పే ఆఖరి కబురు ఒక్కో వర్కర్‌కు ఒకటి పంపాలి. నెగెటివ్ విలువున్న పనిని ఆ గుర్తుగా వాడుకోవడం మామూలే.

ప్రశ్న: సిమ్యులేషన్ ఫలితాలు థీసిస్‌లో పెడితే ఎగ్జామినర్లు ఒప్పుకుంటారా? (అదే పాఠకుడి రెండో ప్రశ్న)

జవాబు: వాళ్ల అనుమానం న్యాయమైనదే. ఇన్‌పుట్‌లో ఎంత వేగమని రాస్తే అంతే వేగంతో నడిచే మెషీన్లు ఇవి. అందుకే ల్యాబ్‌లో రెండు మెషీన్లు దొరికినా సరే, మీ పనిని వాటి మీద నిజంగా నడిపి, వచ్చిన వేగాలే ప్లాట్‌ఫాం ఫైల్లో పెట్టండి. రెండు మెషీన్ల దగ్గర సిమ్యులేషనూ వాస్తవమూ ఎంత దూరంలో ఉన్నాయో ఒక పట్టికగా చూపించండి. వందకు వెళ్లడం ఆ తర్వాతే. పనుల సైజులు ర్యాండమ్‌గా తీసుకుంటే ఒక్క సీడ్‌తో (ర్యాండమ్ అంకెల వరసను మొదలుపెట్టే సంఖ్యతో) వచ్చిన ఫలితాన్ని నేనైతే నమ్మను. పలు సీడ్లతో నడిపి, సగటుతో పాటు ఎంత చెదిరిందో కూడా ఇవ్వండి. సిమ్‌గ్రిడ్ వెర్షన్ నంబరు, ప్లాట్‌ఫాం ఫైలు, సీడ్లు అనుబంధంలో పెట్టండి. ఎగ్జామినర్ తన మెషీన్ మీద నడిపి చూసుకోగలగాలి.