బండి – బాగోగులు: పాత పెట్రోల్ లారీకి ఏ ఫ్యూయల్ పంపు?

ప్రశ్న: మా తాతగారు కొన్న 1950ల నాటి ఫార్గో పెట్రోల్ లారీ ఇప్పటికీ మిల్లులో ఉంది. ఆరు సిలిండర్ల సైడ్ వాల్వ్ ఇంజిను. ఊళ్లో బాగానే తిరుగుతుంది, గోదావరి మీది సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి దగ్గి ఆగిపోతోంది. మెకానిక్ ఏసీ పంపు (ఏసీ కంపెనీ రకం ఫ్యూయల్ పంపు) మార్చమన్నాడు. రాజమండ్రిలో మూడు చూపించారు: పాతదానిలాంటి గాజు గిన్నె పంపు, ‘ప్రెషర్ ఎక్కువ’ అంటూ వేరే ఇంజిన్‌ది, 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు. ఏది కొనాలి?
– ఓ పాఠకుడు, తణుకు

జవాబు: మొదటిదే. అయితే డబ్బులిచ్చే ముందు తప్పు పంపుదేనని తేల్చుకోండి. మన డెల్టా అంతా చదును కాబట్టి నీరసించిన పంపుతో కూడా బండి నెట్టుకొస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కార్బొరేటర్ గిన్నె నిండేదానికంటే వేగంగా ఖాళీ అవుతుంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి సీసాలోకి పెట్టండి. స్టార్ట్ చేస్తే కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోల్‌తో ఇంజిన్ కాసేపు ఐడిల్‌లో ఆడుతుంది. అరనిమిషం నుంచి ముప్పావు నిమిషంలో అర లీటరు వరకు రావాలి. పక్కన బీడీ, నిప్పు ఉండకూడదు. ధారలో బుడగలు వస్తే పంపును తిట్టొద్దు, ట్యాంకు నుంచి పంపుదాకా ఉన్న పైపు చూడండి. అటువైపు రబ్బరు గొట్టం పగిలినా పెట్రోల్ బయటికి కారదు, గాలిని లోపలికి పీలుస్తుంది. కింద తడి లేదు కదా అని చాలామంది దాన్ని వదిలేసి పంపు మారుస్తారు.

‘ప్రెషర్ ఎక్కువ’ పంపు మీకు వద్దే వద్దు. ఇంజిన్‌తోపాటు తిరిగే కామ్ (ఒక పక్క ఎత్తున్న బిళ్ల) చేసేది డయాఫ్రమ్‌ను (పంపు లోపలి పొరను) కిందికి లాగడం వరకే, పెట్రోల్‌ను పైకి తోసేది స్ప్రింగు. ప్రెషర్ ఆ స్ప్రింగునుబట్టే ఉంటుంది. ఈ తరం కార్బొరేటర్లకు చదరపు అంగుళానికి 3 నుంచి 5 పౌండ్లు చాలు, కచ్చితమైన అంకె మీ ఇంజిన్ మాన్యువల్లో ఉంటుంది. 7, 8 పౌండ్లు ఇస్తే ఫ్లోట్ సూది (గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపేది) సీటు మీద నిలవదు. కార్బొరేటర్ పొంగి, పెట్రోల్ సిలిండర్ల గోడలు కడుక్కుంటూ సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగుతుంది.

అసలు చిక్కు కామ్‌కు ఆని పంపును ఆడించే ఆర్మ్ దగ్గర. పాత పంపును, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి ఫ్లాంజి (ఇంజిన్‌కు బిగించే అంచు) నుంచి ఆర్మ్ కొసదాకా స్కేలుతో కొలవండి. వంపు, బోల్టు రంధ్రాల మధ్య దూరం, పైపు బిగించే యూనియన్ మరలు కూడా కలవాలి. ఆర్మ్ పొడుగైతే కామ్ ఎత్తులో ఉన్నప్పుడు దానికి చోటు చాలదు, పిన్నైనా విరుగుతుంది, కామైనా అరుగుతుంది. పొట్టిదైతే సగం స్ట్రోకే, వంతెన కథ మళ్లీ మొదలు. ప్యాకింగులు కలిపి సర్దుదాం అంటారు, ఒప్పుకోవద్దు. మీ పాత పంపు రెండు అంతస్తుల రకమైతే రెండోది వైపర్లకు వాక్యూమ్ ఇచ్చేది. ఒంటి పంపు వేస్తే వైపర్లు ఆగిపోతాయి.

డయాఫ్రమ్ దేనితో చేశారో అడగండి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గుడ్డ దానికి ఉబ్బుతుంది, చీలుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే వైటన్ రబ్బరు డయాఫ్రమ్ ఉన్నదే తీసుకోండి. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న ‘అసలు కంపెనీ సరుకు’ చూడ్డానికి కొత్తదే, లోపల రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. ఇథనాల్ మన గాలిలోని తేమనూ పీలుస్తుంది. నెలల తరబడి బండి తీయకపోతే నీళ్లు అడుగున చేరి పంపు పోతను తింటాయి. గాజు గిన్నెలో ఆ పొర స్పష్టంగా కనబడుతుంది. నేను ఆ పంపునే పట్టుబట్టడానికి ఇదో కారణం.

ఎలక్ట్రిక్ పంపు కావాలంటే ముందు మీ బండి 6 వోల్టులదా, ఎర్తు పాజిటివా చూడాలి. పాత మెకానికల్ పంపును అలాగే ఉంచి దాని వెనక ఎలక్ట్రిక్ పెట్టడం ప్రమాదం. డయాఫ్రమ్ చిరిగిన రోజు పెట్రోలంతా నేరుగా సంపులోకి పోతుంది.

బిగించేటప్పుడు హ్యాండిల్‌తో ఇంజిన్ తిప్పి కామ్ పల్లం ఆర్మ్‌వైపు వచ్చేలా పెట్టుకోండి. పంపు చేత్తోనే దాదాపు ఆనాలి, బోల్టులతో లాగి కూర్చోబెట్టకూడదు. ఆర్మ్ కొసకు ఇంజిన్ ఆయిల్ రాసి, రెండు బోల్టులనూ మార్చి మార్చి బిగించండి. ఈ ఇంజిన్‌లో పంపు వేడెక్కే మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టాల దిమ్మ) కిందే ఉంటుంది. మధ్యలో ఉండే రేకు కవచం చాలా బండ్లలో ఎప్పుడో ఊడిపోయింది. అది లేకపోతే వేసవిలో పంపులోనే పెట్రోల్ ఆవిరవుతుంది, ఏ పంపు వేసినా అంతే. మొదటి వారం డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌కు పెట్రోల్ వాసన వస్తోందేమో చూస్తూ ఉండండి.

ప్రశ్న: టాటా 1210కి రోజూ పొద్దున్నే చేతి పంపు కొడితేగానీ స్టార్ట్ కావడం లేదు. ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) మార్చాలా?
– ఓ పాఠకుడు, అంబాజీపేట

జవాబు: అప్పుడే వద్దు. రాత్రికి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి దిగిపోతోంది. యూనియన్ల రాగి వాషర్లు కొత్తవి వేసి, ఫీడ్ పంపు జాలీ కడిగి, రెండు వాల్వుల కింద చెత్త ఉందేమో చూడండి. చేతి పంపు పిడి పూర్తిగా బిగిసి ఉందా, దాని చుట్టూ చెమ్మ ఉందా అన్నదీ గమనించండి. ఇవన్నీ సరిగా ఉండీ మళ్లీ అదే తంతైతే అప్పుడు ఫీడ్ పంపు లోపల ఆడే ప్లంజర్ అరిగిందనుకోవచ్చు.