నేల మసకబారితే ముందు విమానాన్ని ఆపి చూడు: మేనల్లుడికి ఒక ఉత్తరం

నెల్లూరు

అల్లుడూ, ఆశీస్సులు.

కంప్యూటర్‌లో విమానం నడిపే నీ ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్ నుంచి నువ్వు పంపిన తెర ఫొటో చూశాను. రేణిగుంటలో లేచి చక్కగా మన ఊరి దాకా వచ్చావు. తీరా పెన్నా కనపడేసరికి నేలంతా పేడతో అలికినట్టు అయిపోయింది. కోవూరు పొలాల గట్లు ఒక్కటీ తెలియడం లేదు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేస్తానని రాశావు. ఇప్పుడే కొనొద్దు. జబ్బేమిటో తెలియకుండా మందు కొంటే డబ్బు పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

ముందు ఒక పని చెయ్యి. ఎగురుతుండగా నేల మసకబారగానే పాజ్ నొక్కు. ఒక నిమిషం దేన్నీ ముట్టుకోకుండా నేలనే చూస్తూ ఉండు. మసక మెల్లగా విడిపోయి గట్లు తేలితే, నేల మీద పరిచిన నీ ఉపగ్రహ బొమ్మలు బాగానే ఉన్నాయి, కంప్యూటరే నీ వేగాన్ని అందుకోలేకపోతోంది. ఎంతసేపు ఆగినా మసక అలాగే ఉంటే లోపం బొమ్మలోనో, వీడియో మెమరీలోనో (గ్రాఫిక్స్ కార్డులో ఉండే మెమరీ), సెట్టింగ్‌లోనో ఉంది. ఈ రెండూ పూర్తిగా వేరు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

ఇంకో మాట. నీ ఫొటోలో కుడి పక్కన, సముద్రం వైపు, నేల రంగు కూడా మారిపోయింది చూశావా? అది మసక కాదు. అక్కడ ఫొటోయే లేదు. ఉపగ్రహ చిత్రాలను సిమ్యులేటర్ నేలగా మార్చే ఆర్థో4ఎక్స్‌పీ ప్రోగ్రాం ఒక డిగ్రీ చదరాన్ని ఒక టైల్‌గా తయారు చేస్తుంది. నెల్లూరు ఉన్నది దాదాపు 79.98 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. అంటే 80 డిగ్రీల గీత మన ఊరిని ఆనుకునే పోతుంది. నువ్వు మన ఊరి వైపు 14-79 టైల్ (14 డిగ్రీల అక్షాంశం, 79 డిగ్రీల రేఖాంశం దగ్గర మొదలయ్యేది) ఒక్కటే చేసి ఉంటావు. కృష్ణపట్నం, మైపాడు, పెన్నా సముద్రంలో కలిసే చోటు, ఇవన్నీ 14-80లో ఉన్నాయి. అది కూడా చెయ్యి. దాంట్లో చాలా భాగం సముద్రమే కాబట్టి పెద్ద బరువుండదు. రేణిగుంటకు 13-79, మీ ఒంగోలుకు 15-80.

ఇక బొమ్మ సంగతి. నేను 30 ఏళ్లు ట్రంకు రోడ్డులో ఫొటో స్టూడియో నడిపాను కదా. పాస్‌పోర్ట్ సైజు ఫొటో తెచ్చి, నాన్నగారి బొమ్మ గోడకు పెద్దది కావాలని అడిగేవాళ్లు. ఎంత మంచి కాగితం మీద వేసినా, చిన్న బొమ్మలో లేని కనుబొమ పెద్ద బొమ్మలోకి రాదు. ఉపగ్రహ చిత్రాలకూ అదే న్యాయం. మన అక్షాంశం దగ్గర జూమ్ లెవెల్ (చిత్రం ఎంత దగ్గరగా తీసిందో చెప్పే మెట్టు) 16లో ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, నేల మీద 2.3 మీటర్లు, 17లో 1.16 మీటర్లు, 18లో 58 సెంటీమీటర్లు. నీ మానిటర్ వెడల్పు 1920 చుక్కలు, చూపు కోణం 60 డిగ్రీలు అనుకో. 2000 అడుగుల నుంచి నిలువుగా కిందికి చూస్తే తెర మీద ఒక చుక్కకు దాదాపు 37 సెంటీమీటర్ల నేల వస్తుంది. అంటే లెవెల్ 17 బొమ్మలోని ఒక్క చుక్క తెర మీద మూడు చుక్కల వెడల్పుకు సాగుతుంది. మెత్తగా కనపడక ఏం చేస్తుంది? అదే 6000 అడుగులకు వెళ్తే రెండూ దాదాపు సమానమై బొమ్మ కత్తిలా ఉంటుంది. కాబట్టి 500 అడుగుల్లో పోతూ మసకగా ఉందని సెట్టింగులు కెలకొద్దు.

అలాగని అంతా 18లో చేసేయాలని ఆశపడకు. ఒక్కో మెట్టు ఎక్కితే బరువు నాలుగింతలు. పూర్తిగా నేల ఉన్న టైల్ లెవెల్ 16లో సుమారు ఒకటిన్నర జీబీ అయితే, 17లో 6, 18లో 24. నా మాట విని అంతటా 17 పెట్టు, రేణిగుంట విమానాశ్రయం చుట్టూ కొన్ని కిలోమీటర్లు మాత్రం 18 పెట్టు. విమానాశ్రయాల చుట్టూ ఎక్కువ జూమ్ పెట్టుకునే ఏర్పాటు ఆర్థో4ఎక్స్‌పీలోనే ఉంది. నేల దగ్గరగా చూసేది దిగేటప్పుడే కదా.

డౌన్‌లోడ్ మొదలుపెట్టే ముందు ఏ మూలం (ఉపగ్రహ చిత్రాలిచ్చే సైట్) నుంచి చిత్రం తీసుకుంటున్నావో పెద్దది చేసి చూడు. నేను ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్ని చూస్తాను. గుంటకూ గుంటకూ మధ్య గట్టు సన్నటి గీతలా తెగితే మంచి చిత్రం. గట్టు నీళ్లలో కలిసిపోయినట్టుంటే, ఆ మూలాన్ని లెవెల్ 18లో దించినా చిన్న ఫొటోను సాగదీసినట్టే. తీరం వెంట బకింగ్‌హామ్ కాలువ కూడా మంచి పరీక్షే. ఒక మూలంలో అక్కడ మబ్బు ఉంటే ఇంకో మూలంలో ఉండకపోవచ్చు, ఓపికగా వెతుకు.

పాజ్ పెట్టినా మసక పోలేదు, కానీ సిమ్యులేటర్ మూసి అదే చోట మళ్లీ తెరిస్తే కాసేపు స్పష్టంగా ఉండి తర్వాత మళ్లీ మసకబారింది అనుకో. అప్పుడు వీడియో మెమరీ మీద అనుమానపడు. ఎక్స్-ప్లేన్ 11.50లో వల్కన్ (గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించుకునే కొత్త పద్ధతి) వచ్చాక, మెమరీ చాలకపోతే అది ఆగిపోకుండా తనంతట తానే బొమ్మల నాణ్యత తగ్గించి నెట్టుకొస్తుంది. వెనక తెరిచి ఉన్న బ్రౌజర్ మూసెయ్యి. యాంటీ అలియాసింగ్ (గీతల అంచుల్ని నున్నగా చేసే సెట్టింగ్) ఒక మెట్టు దించు. నీడలు, నీటి ప్రతిబింబాలు తగ్గించు. టెక్స్చర్ క్వాలిటీ (నేల మీద పరిచే బొమ్మల నాణ్యత) మాత్రం దించకు, అది దిగితే నువ్వు కష్టపడి చేసుకున్న ఫొటోలు కూడా దిగిపోతాయి. ఇవన్నీ చేశాక కూడా మెమరీ చాలకపోతే అప్పుడు కార్డు గురించి మాట్లాడుకుందాం, నేనే వచ్చి దగ్గరుండి కొనిపిస్తాను.

పాజ్‌లో మసక విడిపోతే లెక్క వేరు. లెవెల్ 17లో ఒక్కో టెక్స్చర్ ముక్క దాదాపు 4.75 కిలోమీటర్ల చదరం. 120 నాట్ల (విమాన వేగానికి కొలత) వేగంతో పోయే చిన్న విమానానికి దాన్ని దాటడానికి 77 సెకన్లు పడుతుంది. 480 నాట్ల జెట్‌కు 19 సెకన్లే. లెవెల్ 18లో అయితే ఆ జెట్‌కు పది సెకన్లు కూడా పట్టదు. ఆలోపు తర్వాతి ముక్కలన్నీ డిస్క్ నుంచి రావాలి. అందుకని ఫొటో సీనరీని పాత హార్డ్ డిస్క్ మీద ఉంచకు, వేగంగా చదివే ఎస్ఎస్‌డీకి మార్చు. ఫ్రేమ్ రేటును (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య) 30కి కట్టెయ్యి. కంప్యూటర్ ఊపిరి తీసుకుని ఆ మిగిలిన సమయంలో బొమ్మలు తెచ్చుకుంటుంది. తక్కువ ఎత్తులో జెట్ నడపకు.

మీ కావలి స్నేహితుడు ఇంకా 2006 నాటి ఎఫ్ఎస్ఎక్సే (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) నడుపుతున్నాడన్నావు. అతనికి ఇలా చెప్పు: టెక్స్చర్ రిజల్యూషన్ స్లైడర్ ఎక్కడుందో చూసుకోమను. అది 5 మీటర్ల దగ్గర ఉంటే ఎంత మంచి ఫొటో సీనరీ పెట్టినా 5 మీటర్ల నాణ్యతే చూపిస్తుంది. ఫిల్టరింగ్‌ను అనిసోట్రోపిక్‌కు మార్చమను. కాళ్ల కింద నేల బాగుండి, ఏటవాలుగా ముందుకు చూసేకొద్దీ మెత్తబడటం దానితో చాలావరకు తగ్గుతుంది. ఎఫ్ఎస్ఎక్స్.సీఎఫ్‌జీ అనే సెట్టింగుల ఫైల్లో ఎల్‌ఓడీ రేడియస్ 4.5 నుంచి 6.5కు పెంచితే స్పష్టమైన నేల ఇంకా దూరం కనపడుతుంది. కానీ అది 32 బిట్ ప్రోగ్రాం, 4 జీబీ దాటి మెమరీ వాడుకోలేదు. మరీ పెంచితే దిగేటప్పుడే మూతపడుతుంది. మార్చే ముందు ఆ ఫైల్‌కు కాపీ తీసి పెట్టుకోవడం మరిచిపోవద్దను.

అన్నిటికంటే ముఖ్యం, ఒక్కో ఫ్లైట్‌కు ఒక్కటే మార్పు. నేను మొదట్లో ఒక రాత్రంతా కూర్చుని ఎనిమిది మార్చేశాను. తెల్లారేసరికి సోమశిల డ్యామ్ దగ్గర నేల బాగుపడింది గానీ విమానం గతుకుల రోడ్డు మీద బస్సులా కదిలేది. దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియక చివరికి అన్నీ తీసేసి మొదటినుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక నోట్‌బుక్ ఉంది. ఎప్పుడూ అదే దారి, రేణిగుంట నుంచి నెల్లూరు, 3000 అడుగులు, 110 నాట్లు, వాతావరణం నిర్మలం. వాతావరణంలో హేజ్ (గాలిలో పొగలాంటి మసక) ఉంటే దాన్నే టెక్స్చర్ మసక అని పొరబడతాం.

ఈ ఆదివారం 14-80 టైల్ చేసుకుని అదే దారిలో రా. పెన్నా మీద పాజ్ పెట్టి నిమిషం చూసి ఏమైందో నాకు ఫోన్ చెయ్యి. అమ్మనూ బావనూ అడిగానని చెప్పు.

మీ మామయ్య