"బిట్వీన్ యూ అండ్ ఐ" ఎందుకు తప్పు?

పోటీ పరీక్షల బిట్లలో దీన్ని తప్పుగా చూపిస్తారు, కారణమేంటని అడిగారు. బిట్వీన్ ప్రిపొజిషన్. దాని వెనక వచ్చే సర్వనామం 'మీ', 'హిమ్', 'అస్' రూపంలోనే ఉండాలి. ఇద్దరినీ కలిపి చూడండి: "బిట్వీన్ అస్" అంటాం గానీ "బిట్వీన్ వియ్" అనం కదా! "ద మేనేజర్ కాల్డ్ రవి అండ్ ఐ" లాంటిది వస్తే రవిని వేలితో మూసేయండి. "కాల్డ్ ఐ" మిగులుతుంది, తేడా చెవికే తెలుస్తుంది. చిన్నప్పుడు 'మీ అండ్ రవి' అన్నప్పుడల్లా దిద్దించుకుని, మనం భయంకొద్దీ అన్నిచోట్లా 'ఐ' పెట్టేస్తాం.

ఇలాంటి బిట్లలో మాడిఫయర్లూ (వాక్యంలో మరో మాటను వివరించే పదాలు) వస్తాయి. వీటి విషయంలో తెలుగే కాపాడుతుంది. "వాకింగ్ టు ద స్టేషన్, ద రెయిన్ స్టార్టెడ్" తీసుకోండి. "స్టేషన్‌కి నడుస్తూ వాన మొదలైంది" అంటే నడిచింది వానే అన్నట్టుంటుంది. అందుకే మనం "నేను నడుస్తుంటే" అంటాం. 'నడుస్తూ'కి రెండు పనులూ చేసేది ఒకరే కావాలి, 'నడుస్తుంటే'కి అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఆ 'వాకింగ్' మన 'నడుస్తూ' లాంటిదే. కామా తర్వాత నడిచిన మనిషి రావాలి. లేదంటే "యాజ్ ఐ వాజ్ వాకింగ్ టు ద స్టేషన్" అని మార్చాలి. ఆప్షన్లలో ముందు వెతకాల్సింది ఈ రెండు రూపాల్నే.