ఆయన పక్షులు, మీ ఆదివారం

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాకు 44 ఏళ్ళు. మా వారు ఏడాది క్రితం పక్షులను చూసే బృందంలో చేరారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్ళిపోతారు. మధ్యాహ్నం దాటాక వచ్చి, భోంచేసి పడుకుంటారు. సాయంత్రమంతా ఫోనులో పక్షుల జాబితాలు రాసుకుంటారు. తుంటి ఎముక విరిగిన మా అత్తగారిని ఒంటరిగా వదలలేను. నెలకోసారి ఆమదాలవలస వెళ్ళి మా అమ్మను చూసి వచ్చేదాన్ని. అదీ ఆగిపోయింది. ఆయనకు కోపం తగ్గిన మాట నిజమే. నేనూ వస్తానంటే, ‘నువ్వు కబుర్లు మొదలుపెడితే పిట్టలన్నీ ఎగిరిపోతాయి’ అని పిల్లల ముందే నవ్వేశారు. ఆ బృందంలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఈ పిచ్చి మాన్పించడం ఎలా?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పక్షుల మీద కోపం నాకెక్కడా కనిపించలేదు. నేనూ వస్తానని అడిగారంటే ఆ పని మీద మీకు ద్వేషం లేదు. మిమ్మల్ని బాధపెట్టింది ఆ నవ్వు. వారం మొత్తంలో మీకంటూ మిగిలిన ఒక్క పూట మిమ్మల్ని అడగకుండానే చేజారిపోవడం అంతకంటే ఎక్కువ బాధపెట్టింది.

అందుకే మాన్పించే ఆలోచన వదిలేయమంటాను. కోపం తగ్గిందని మీరే రాశారు. వారానికోసారి ఏ చెరువుగట్టునో నిలబడి ఆయన కాస్త తేలికపడుతున్నారు. బలవంతంగా ఆపితే ఆ కోపం తిరిగి మీ ఇంటికే వస్తుంది. అలాగని ఆయన విశ్రాంతి బరువంతా మీరొక్కరే మోయడం అన్యాయం. ఈ మాట మెత్తగా చెప్పలేను. ఆమె మీకు అత్తగారు, ఆయనకు కన్నతల్లి. ఆమెను చూసుకునే బాధ్యత ముందు ఆయనది. మీరు చేస్తున్నది సాయం. అది ఎవరూ గుర్తించని సాయంగా మారిపోయింది.

ఆయనతో మాట్లాడండి. శనివారం రాత్రి ఆయన బైనాక్యులర్ తుడుచుకుంటున్నప్పుడు, ఆదివారం అలసి ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట ఎత్తకండి. వారం మధ్యలో, పిల్లలు లేనప్పుడు కూర్చోండి. ‘మీరు ఎప్పుడూ ఇంతే’ అని మొదలుపెడితే పాత లెక్కలన్నీ బయటికి వస్తాయి, అసలు సంగతి మరుగున పడుతుంది. సూటిగా అడగండి: నెలలో రెండు ఆదివారాలు ఆయనవి. ఒకటి మీది. ఆ రోజు ఆయన ఇంట్లో ఉంటారు, మీరు ఆమదాలవలస వెళ్తారు. ఇంకొకటి ఇద్దరూ కలిసి పక్షుల దగ్గరికి. ఆ పూట అత్తగారి దగ్గర ఎవరుంటారన్నది ఆయనే చూడాలి. మీ ఆడపడుచును రమ్మంటారో, డబ్బిచ్చి ఒక ఆయాను పెడతారో, ఆ ఫోన్లు ఆయన్నే చేయనివ్వండి.

గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు ఆడా మగా వంతులు వేసుకుని గుడ్లు పొదుగుతాయి. పిల్లలకు మేత కూడా రెండూ తెస్తాయి. ఇది మీ వారికి నాకంటే బాగా తెలిసి ఉంటుంది. ఈ పోలిక మీ నోట రావద్దు, దెప్పినట్టుంటుంది. ఆయన ఈ జవాబు చదివితే చాలు.

ఇక ఆ కబుర్ల మాట. గూళ్ళ దగ్గర గట్టిగా మాట్లాడకూడదన్నది నిజమే. బెదిరిన తల్లిపక్షి గూడు వదిలి లేస్తే గుడ్లు, పిల్లలు ఎండకు మాడిపోతాయి, కాకుల పాలవుతాయి. కానీ నలుగురు కలిసి వెళ్ళేదే ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పుకోవడానికి. అక్కడ గొంతు తగ్గిస్తే సరిపోతుంది, నోరు కుట్టేసుకోనక్కరలేదు. మీ మొదటి ప్రయాణం డిసెంబరు, జనవరి నెలల్లో టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి పెట్టుకోండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వానాకాలం చివర వచ్చి అక్కడ ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి. పిల్లలు ఎదిగాక వేసవి మొదట్లో వెళ్ళిపోతాయి. అవి అలికిడికి అలవాటుపడ్డ పక్షులు. ఊరివాళ్ళు వాటి రాకను శుభంగా భావించి కాపాడుకుంటారు. అంత పెద్ద పక్షులను చూడటానికి బైనాక్యులర్ కూడా అక్కరలేదు. ఇంతకీ ఇవి సైబీరియా నుంచి వస్తాయని మన జిల్లాలో చాలామంది అంటారు. నిజానికి ఈ రెండూ భారతదేశం, శ్రీలంక, ఇంకా ఆగ్నేయాసియాలో ఉండే పక్షులే. ఆయన ఏమనుకుంటున్నారో అడిగి చూడండి. మీ ఇద్దరి మధ్య చాలా రోజుల తరవాత కొత్త మాట ఒకటి మొదలవుతుంది.

వెళ్ళేటప్పుడు ఆయన వెంట వచ్చిన భార్యగా కాకుండా మీ పేరుతో, బృందంలో ఒకరిగా వెళ్ళండి. నిర్వాహకులకు మీరే ఫోను చేయండి. ఏ వాహనం, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, దారిలో మరుగుదొడ్డి ఎక్కడ ఉంటుంది అని మొహమాటపడకుండా అడగండి. చాలామంది ఆడవాళ్ళు అడగలేక, నీళ్ళు తాగకుండా ఎండలో తిరిగి నీరసపడతారు. మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు మేలు.

ఆ బృందంలో ఆడవాళ్ళున్నారని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ వాక్యం మిమ్మల్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదని నాకు అర్థమైంది. మీరు రాసినదాంట్లో ఆయనను అనుమానించడానికి ఆధారం ఏదీ లేదు. ఆయన ఫోను వెతకవద్దు. అక్కడికి వెళ్ళి వాళ్ళతో కలిసి టిఫిను చేయండి. ముఖాలు తెలియని మనుషుల మీదే భయం పెరుగుతుంది. వాళ్ళలోనూ ఎవరో ఒకరు, ఇంట్లో ఎంత కష్టపడి ఈ పూట సంపాదించుకున్నారో మీకు చెబుతారు.

ఇంట్లోనూ ఒక పని చేయవచ్చు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని, కనిపించిన పక్షులను లెక్కించి నమోదు చేస్తే చాలు. మీ వరండాలో అత్తగారి కుర్చీ పక్కనే కూర్చుని చేయవచ్చు. పల్లెలో పెరిగిన మనిషైతే జెముడుకాకి ఏదో, లకుముకిపిట్ట ఏదో ఆవిడే మీ పిల్లలకు చూపిస్తారు. గదిలో పడి ఉన్నవాళ్ళకు ఎవరో ఒకరు ఏదైనా అడగడం ఎంత బలమో నేను చాలా ఇళ్ళలో చూశాను.

ఆయన మొదట ఒప్పుకోకపోవచ్చు. ‘ఒక్క నెల చూద్దాం’ అని అడగండి. దానికీ కాదంటే మీ ఆదివారం రోజు ముందే చెప్పి, మీరు ఆమదాలవలస బస్సెక్కండి. అత్తగారి మందులు, ఏ పూట ఏది వేయాలో కాగితం మీద రాసి పెట్టండి. దారిలో పదిసార్లు ఫోను చేయవద్దు. తిరిగి వచ్చేసరికి గిన్నెలు సింకులోనే ఉండవచ్చు, అన్నం ముద్దై ఉండవచ్చు. ఆ రోజుకు వాటి ఊసెత్తకుండా, మీ అమ్మ ఎలా ఉన్నారో ఆయనకు చెప్పండి.