కువైట్ క్షమాభిక్ష వేరు, అమెరికా కాగితాలు వేరు

ప్రశ్న: మేడం గారూ, మాది గుంటూరు, కొరిటెపాడు. మా బాబు 2025 జనవరిలో అమెరికా వెళ్లి కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ముప్పై క్రెడిట్లలో పద్దెనిమిది అయ్యాయి. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో తీసుకున్న 35 లక్షలూ అయిపోవచ్చాయి. మా వారు కౌలుకి మిర్చి వేస్తారు. వాడు వెళ్లిన నెలకే ధర పడిపోయి పెట్టుబడి కూడా రాలేదు. ఇంకో 12 లక్షలు ఉంటేగానీ చదువు పూర్తి కాదంటున్నాడు. వాడి రూమ్మేటేమో కాలేజీ మానేసి గ్యాస్ స్టేషన్‌లో పనికి చేరమంటున్నాడట, ఎప్పటికైనా అందరికీ కాగితాలు ఇస్తారట. మా తోడికోడలి తమ్ముడికి కువైట్‌లో 2018లో క్షమాభిక్ష పెట్టారు. అమెరికాలో కూడా అలా పెడతారా? వాడిని ఉండమనాలా, వచ్చేయమనాలా? వచ్చేస్తే ఊళ్లో తలెత్తుకోలేమని మా వారి టెన్షన్.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జతచేసిన ఐ-20 (కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) ఫొటో కూడా చూశాను. ప్రోగ్రామ్ ఎండ్ డేట్ ఇంకా దూరంలోనే ఉంది. ఇవాళ్టికి బాబు స్టేటస్‌లోనే, అంటే విద్యార్థిగా చట్టప్రకారమే ఉన్నాడు, ఆ షాపులో ఇంకా చేరలేదని కూడా రాశారు. అందుకని ముందు ఫోన్ తీసి, ఆ పనికి ఒక్క పూట కూడా వెళ్లొద్దని చెప్పండి. చెప్పాక తక్కినది చదవండి.

మీ చుట్టానికి కువైట్‌లో దొరికిందేమిటో గుర్తుచేసుకోండి. 2018 జనవరి చివర్లో మొదలుపెట్టి ఏప్రిల్ దాకా పొడిగించిన ఆ క్షమాభిక్షలో, జరిమానా కట్టకుండా సొంత దేశానికి వెళ్లిపోనిచ్చారు. మళ్లీ వీసా మీద రావడానికి అడ్డు పెట్టలేదు. జరిమానా కట్టి అక్కడే సరిచేసుకునే దారి కూడా ఉండేది, కానీ ప్రధానంగా అది గొడవ లేకుండా ఇంటికి పంపే ఏర్పాటు. అమెరికాలో ఏళ్ల తరబడి వాదన నడుస్తున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన విషయం మీద. కాగితాలు లేకుండా ఉంటున్నవాళ్లని అక్కడే ఉండనిచ్చి, గ్రీన్‌కార్డు, ఆ తర్వాత పౌరసత్వం ఇవ్వాలా వద్దా అన్నది. గల్ఫ్‌లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. అమెరికాలో దానికి కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చట్టం చేయాలి.

అలాంటి చట్టం ఒకసారి వచ్చిన మాట నిజం. బహుశా బాబు రూమ్మేట్ విన్నది ఆ కథే. 1986 నవంబరులో అధ్యక్షుడు రీగన్ సంతకం పెట్టిన చట్టంతో సుమారు 27 లక్షల మందికి శాశ్వత నివాసం దొరికింది. ఎవరికి దొరికిందో చూడండి. 1982 జనవరి 1కి ముందు నుంచి అక్కడ ఉంటున్నవాళ్లకి, పొలాల్లో కొన్నాళ్లు పనిచేసి ఉన్నవాళ్లకి. చట్టం వచ్చిన రోజున లోపల ఉన్నవాళ్లందరికీ కాదు. ఉద్యోగమిచ్చే ప్రతివాడూ కాగితాలు చూడాలి, లేనివాళ్లని పెట్టుకుంటే శిక్ష అన్న నిబంధన తెచ్చింది కూడా ఆ చట్టమే. ఆ తనిఖీకి వాడే ఐ-9 ఫారం అప్పుడు పుట్టిందే.

తర్వాత వచ్చినవన్నీ వరసగా చూసినా ఇదే తీరు. 2000 డిసెంబరులో ఒక వెసులుబాటు ఇచ్చారు, ఆ నెల 21న దేశంలో ఉండి, 2001 ఏప్రిల్ 30 లోపు తమ తరఫున గ్రీన్‌కార్డు పిటిషన్ పడినవాళ్లకి. ఒబామా 2012 జూన్ 15న, వెనక్కి పంపకుండా ఆపే డాకా ప్రకటించారు. పదహారేళ్లలోపే వచ్చి, 2007 జూన్ 15 నుంచి అక్కడే ఉన్న పిల్లలకి అది. అది కూడా రెండేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాల్సిన ఊరటేగానీ గ్రీన్‌కార్డు కాదు. 2013లో సెనేట్ 68-32తో పాస్ చేసిన బిల్లులో 2011 డిసెంబరు 31 నాటికే అక్కడ ఉండాలన్న గీత పెట్టారు. ప్రతినిధుల సభ దాన్ని ఓటింగుకే తీసుకోలేదు. 2021లో బైడెన్ ప్రతిపాదించిన బిల్లులో గీత 2021 జనవరి 1, అదీ ముందుకు కదల్లేదు.

తేదీలు ఇన్ని రాసి విసిగిస్తున్నానని అనుకోకండి. వచ్చినవీ, ఆగిపోయినవీ అన్నిటిలోనూ గీత వెనక తేదీకే ఉంది. కొత్తవాళ్లు ఎగబడి రాకుండా కావాలనే అలా పెడతారు. ఇప్పుడు కాలేజీ మానేసేవాడు రేపటి చట్టం కోసం కూర్చుంటే, ఆ చట్టం వచ్చినా గీతకి ఇవతలే ఉండిపోయే అవకాశం ఎక్కువ.

ఆ దేశంలో వాదన తేలకపోవడానికి కారణం ఉంది. పొలాల్లో పంట కోసే కూలీల్లో దాదాపు 40 శాతం మంది కాగితాలు లేనివాళ్లే. వాళ్లలో చాలామంది పన్నులు కడతారు, పిల్లలు అక్కడే పుట్టి పౌరులయ్యారు. ఇలాంటివాళ్లని ఎక్కడికి పంపుతారని ఒక పక్షం అడుగుతుంది. 1986లో ఒకసారి ఇస్తే తగ్గాల్సింది పోయి పెరిగారు, మళ్లీ ఇస్తే చట్టం తప్పడమే లాభమని చెప్పినట్టవుతుందని రెండో పక్షం. మనవాళ్లకి ఇందులో మరో బాధ ఉంది. ఉద్యోగాల మీద ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటకూడదు. అందుకే పద్ధతిగా పన్ను కట్టి పదేళ్లు దాటినా లైన్లోనే ఉన్న తెలుగువాళ్లు వేలమంది. వాళ్లతో పాటు చిన్నప్పుడు వెళ్లిన పిల్లలకి 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల కేసు నుంచి జారిపోతారు. స్టేటస్‌లో ఉన్నారన్న కారణంగానే వాళ్లకి డాకా కూడా వర్తించలేదు. నా మటుకు నాకు ఊహ తెలియని వయసులో వెళ్లిన పిల్లలందరికీ, కాగితాలు ఉన్నా లేకపోయినా, అక్కడ బతికే హక్కు ఇవ్వాలనే ఉంటుంది. కానీ మీ బాబు వెళ్లింది ఇరవై మూడేళ్లకి, చదువుకుంటానని సంతకం పెట్టి. ఆ వాదనలో ఏ పక్షమూ మాట్లాడుతున్నది అతని గురించి కాదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. 2015లో తెనాలి దగ్గర పల్లెటూరి అబ్బాయికి కాలేజీ ఎంచుకోవడంలో సాయం చేశాను. అప్పట్లో ఫీజు లెక్క మొదటి ఏడాదికే వేసి, తర్వాతది పార్ట్‌టైమ్‌తో గడిచిపోతుందిలే అన్నాను. ఆ తప్పు నాదే. మూడో సెమిస్టర్‌కి డబ్బు అందక అతను కాలేజీ మానేసి ఒక దుకాణంలో చేరాడు. 2021లో వాళ్ల నాన్న పోయారు. ఆ రాత్రి వాళ్లమ్మగారు నాకు ఫోన్ చేసి, వాడొస్తే మళ్లీ వెళ్లనిస్తారా మేడం అని అడిగారు. వెళ్లనివ్వరమ్మా అని చెప్పాల్సి వచ్చింది. ఇంటి అప్పు ఇంకా సగం ఉంది, అతని జీతం మీదే తీరుతోంది. అతను రాలేదు. తలకొరివి బాబాయి కొడుకు పెట్టాడు. నేను వెళ్లేసరికి అరుగు మీద ఒక స్టీలు చెంబుకి ఫోన్ ఆనించి పెట్టి ఉంది, అందులో అతను దుకాణం యూనిఫారంతోనే నిలబడి చూస్తున్నాడు. ఎండకి స్క్రీన్ కనిపించక, ఎవరో కండువా అడ్డం పట్టుకున్నారు. అప్పటి నుంచీ పూర్తి కోర్సు లెక్క చేతిలో లేకుండా ఎవరికీ సంతకం పెట్టమని చెప్పలేదు.

ఇక రూల్స్ సంగతి. బాబు వచ్చే సెమిస్టర్‌కి రిజిస్టర్ కాకపోతే, క్లాసులు మొదలైన నెల రోజుల్లోపు కాలేజీ ఆ విషయం సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులో చూపించాల్సిందే. అక్కడితో స్టేటస్ పోతుంది. తిరిగి తెచ్చుకోవడానికి రీఇన్‌స్టేట్‌మెంట్ ఉంది. దానికి ఐదు నెలల లోపు అప్లై చేయాలి, తన చేతుల్లో లేని కారణం చూపాలి, అనుమతి లేకుండా పనిచేసి ఉండకూడదు. గ్యాస్ స్టేషన్‌లో ఒక్క రోజు కూడా వద్దన్నది ఇందుకే. ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకి మూడేళ్ల, పదేళ్ల నిషేధం పడదని రూమ్మేట్ చెప్పే ఉంటాడు. 1996 చట్టం ప్రకారం అక్రమంగా ఉన్న రోజులు 180 దాటి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది అయితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. విద్యార్థుల విషయంలో స్టేటస్ పోయిన రోజే ఆ లెక్క మొదలుకాని మాట నిజమే. అధికారులో, ఇమిగ్రేషన్ జడ్జో తేల్చిన రోజు నుంచి మొదలవుతుంది. అది ఏ రోజో బాబు చేతిలో ఉండదు.

ఇంకోటి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ (ఉద్యోగ వీసా) పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు కదా. అక్కడే ఉండి ఎఫ్-1 నుంచి మారే విద్యార్థికి అది పడదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. స్టేటస్ పోగొట్టుకున్నవాడికి ఆ మినహాయింపు అందదు. లక్ష డాలర్లు కట్టి అతన్ని తీసుకునే కంపెనీ ఎక్కడుంటుంది?

మూణ్నెల్లకోసారి క్లాసుకి వెళ్తే చాలనే చవక కాలేజీకి మారమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. 2011లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ బోగస్ అని తేలాక, అందులో చేరిన మన పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ అసలు యూనివర్సిటీయే కాదు, ప్రభుత్వ ఏజెంట్లు పన్నిన వల. పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఐ-20 అందరి చేతుల్లోనూ ఉంది, క్లాసులే లేవు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పన్నెండు క్రెడిట్లే మిగిలి ఉండగా మానేయడం నాకు మనస్కరించడం లేదు. మామూలుగా తొమ్మిది ఒక సెమిస్టర్, చివరి మూడు ఇంకో సెమిస్టర్ చేస్తారు. పన్నెండూ ఒకేసారి తీసుకోనిస్తారా అని అడగమనండి. కష్టమే, కానీ నాలుగైదు నెలల అద్దె, తిండి ఖర్చు మిగులుతుంది. ఫీజు వాయిదాల్లో కట్టే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉంది. 12 లక్షల్లో ఫీజు ఎంత, ఖర్చులెంత అని విడదీసి ఒక కాగితం మీద రాయమనండి. ఆ కాగితంతో మీరు బ్యాంకు మేనేజర్ దగ్గరికి వెళ్లి లోన్ పెంచమని అడగొచ్చు.

చాలామందికి తెలియని దారి ఒకటుంది. ఒక అకడమిక్ ఇయర్ పూర్తి చేసిన ఎఫ్-1 విద్యార్థికి, అనుకోకుండా వచ్చిన ఆర్థిక ఇబ్బంది వల్ల బయట పనిచేసుకోవడానికి అనుమతి అడిగే హక్కు ఉంది. క్లాసులు జరిగేటప్పుడు వారానికి ఇరవై గంటల వరకు. డబ్బు పంపేవాళ్ల పరిస్థితి హఠాత్తుగా మారడం, కరెన్సీ విలువ బాగా పడిపోవడం ఆ రూల్‌లో రాసి ఉన్న కారణాలే. బాబు వెళ్లినప్పుడు డాలరు 86 రూపాయలు, ఆ ఏడాది డిసెంబరుకి 90 దాటింది. మిర్చి సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాల్‌కి 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటామని ప్రకటించాల్సి వచ్చిందంటే, అది మీ ఒక్కరి ఇబ్బంది కాదని రుజువు ఉన్నట్టే. ముందు కాలేజీలో డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సిఫార్సు చేయాలి, తర్వాత పని అనుమతి కోసం ఐ-765 ఫారం వేయాలి. కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. వచ్చేదాకా పని చేయకూడదు. తప్పకుండా ఇస్తారని నేను మాట ఇవ్వలేను. అడగడానికి మాత్రం మీ కేసు బలంగా ఉంది. డిగ్రీ చేతికొస్తే ఏడాది ఓపీటీ, అంటే చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి, స్టెమ్ కోర్సు కాబట్టి ఇంకో రెండేళ్లు పొడిగింపు. మీ అప్పుకి అసలు ఆధారం అదే.

ఎంత చూసినా డబ్బు సర్దుబాటు కాకపోతే తిరిగి రానివ్వండి, పద్ధతిగా. క్లాసులు మానేయకముందే డీఎస్ఓకి చెప్పి అనుమతితో విరమించుకుంటే, బయల్దేరడానికి 15 రోజులు ఇస్తారు, రికార్డు శుభ్రంగా ఉంటుంది. పద్దెనిమిది క్రెడిట్లు ఎక్కడికీ పోవు, ఎన్నేళ్లలో పూర్తి చేయొచ్చో రాతపూర్వకంగా తీసుకోమనండి. 11 శాతం లెక్కన మీ లోన్‌కి నెలకి ముప్పై రెండు వేలు వడ్డీయే అవుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కుర్రాడు కష్టమైనా మోయగల బరువే అది. కిస్తీ తప్పకముందే రీషెడ్యూల్ చేయమని బ్యాంకుని అడగాలి, తప్పాక వినరు. ఊళ్లో వాళ్లు ఒక నెల మాట్లాడతారు. మీ వారికి నేను ఆ మాట ఎదురుగా కూర్చుని చెబుతాను.

శనివారం విజయవాడ రండి, బెంజి సర్కిల్‌లో దిగి ఫోన్ చేయండి. ఐ-20 అన్ని పేజీలు, బ్యాంకు శాంక్షన్ లెటర్, కౌలు కాగితం ఉంటే అదీ తెచ్చుకోండి. ముఖ్యంగా పోయిన సీజన్లో యార్డులో కమీషన్ కొట్టు వాళ్లు ఇచ్చిన పట్టీలు, చిరిగినా సరే, అన్నీ తీసుకురమ్మని మీ వారికి చెప్పండి. బాబు అప్లికేషన్‌కి వాటినే జత చేయాలి.